పిచ్చికుక్క వ్యాధి: పుట్టుక, వ్యాప్తి

విత్తనముల మాట, ఎరువుల మాట విడిచి ఈ మాసమున కుక్కల మాట యెత్తుట సభ్యులకు వింతగా తోచవచ్చును. కాని కాపలాకుక్క లేని మంద జడ్చర్ల ప్రాంతమున అరుదు. 2024 ఫిబ్రవరిలో, మనకు దక్షిణముననున్న అడ్డాకుల మండలములోని పొన్నకల్ గ్రామమున రాత్రివేళ సుమారు 20 వీధికుక్కలు తుపాకితో కాల్చబడినవి. ఆ కాల్పులకు కారణమేదైనను, కుక్కలను చంపినచో పిచ్చి తొలగునను తలంపు పల్లెలలో నాటుకొని యున్నది. అది సరియా కాదా యని తేల్చుటకు వ్యాధి పుట్టుకను తెలిసికొనవలెను.

సుశ్రుత సంహిత కల్పస్థానమున కుక్క, నక్క, ఎలుగు, పులి మొదలగు మృగముల పిచ్చి వర్ణింపబడినది. కఱవబడినవాడు నీటిని చూచి బెదరుట 'జలత్రాసము' అని యందు చెప్పిరి. వ్యాధికి మూలము వైరసను అతిసూక్ష్మ పదార్థము. దాని జన్యులిపిలో సుమారు 12,000 అక్షరములు కలవు. పట్వారి పహాణీకి నకలు వ్రాయునపుడు ఒకచోట తప్పు పడినచో, దానినుండి తీసిన నకళ్లన్నింటను అదే తప్పు నిలుచును గదా! అట్టి తప్పులను పోల్చియే శాస్త్రజ్ఞులు వైరసుల వంశవృక్షమును గీసిరి. ఈ వైరసు జ్ఞాతులలో పెక్కు గబ్బిలములందే యున్నవి గనుక, మొదటి పుట్టుక అచ్చటనేయని తలంచుచున్నారు. కుక్కలనాశ్రయించిన శాఖలలో మిక్కిలి పురాతనమైనది దక్షిణ భారతమునందును సింహళమునందును కనబడునదియేనని 2008లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. వేఱొక శాఖ ఐరోపావారి ఓడలలో కుక్కలతోకూడ ఖండాంతరములకు పోయెను.

ఐరోపాలో కుక్కల వైరసు నక్కజాతికి మారి, 1940 ప్రాంతమునుండి అడవులవెంట పడమరకు ప్రాకెను. స్విట్జర్లాండువారు 1978లో కోడితలలలో టీకామందు పెట్టి అడవిలో చల్లిరి. నక్కలు వానిని తినెను, వ్యాధి క్రమముగా మాయమయ్యెను. ఇంత తేలికయైన ఉపాయము మఱొకటి మేమెఱుఁగము. మన దేశమున స్థితి వేఱు. ఇచ్చట వ్యాధికి ముఖ్యాశ్రయము కుక్కయే. నక్క, తోడేలు, ముంగిస సాధారణముగా దానినుండియే పొందుచున్నవి. అయినను వానిలో నేది కఱచినను ఉపేక్షింపరాదు.

ఇక చంపుట మాట. ఇండొనీషియాలోని ఫ్లోరెస్ దీవికి 1997లో పడవలపై వచ్చిన కుక్కలతో ఈ వ్యాధి దిగెను. అచ్చటివారు కుక్కలను వేలకొలది చంపిరి, వ్యాధి ఆగలేదు. చచ్చినవాని చోటికి టీకా లేని క్రొత్త కుక్కలు వచ్చి చేరును. నూటికి 70 కుక్కలకు టీకా పడినచో వ్యాధి నిలువజాలదు. పాస్టరు మహాశయుడు 1885 జూలై 6న తొలి బాలునికి టీకా వేసెను. ఏటేట ఆ తేదీన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుట ఆనవాయితీ. తమ మందకుక్కలను ఆనాడు తోడ్కొని పోవలెనని సభ్యులను కోరుచున్నాము.

కఱచినచో గాయమును ధారగా పాఱు నీటను సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. సున్నము, మిరపపొడి, ఆకుపసరు పూయరాదు. వైరసు నరములవెంట మెదడునకు మెల్లగా ప్రాకును, అందుకు వారములు, నెలలు పట్టును. టీకా పని చేయునది ఆ వ్యవధిలోనే. లక్షణములు పొడసూపిన పిదప బ్రదుకుట లేదనియే చెప్పవలెను. పూర్వము బొడ్డుచుట్టు పొడిచిన 14 సూదుల భయమున నేటికిని కొందరు ఆసుపత్రికి పోవుటలేదు. గొఱ్ఱె మెదడుతో చేసిన ఆ మందు మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులు మాత్రమే, సర్కారు దవాఖానాలో ఉచితము. లోతుగాయమైనచో గాయములోనే వేయు సీరము కూడ అడుగవలెను.

ఎద్దు గాని, బఱ్ఱె గాని మేత మాని, గొంతు బొంగురువోయి అఱచుచు, చొంగ కార్చుచున్నచో, గొంతున ఏదో అడ్డుపడినదని నోట చేయి పెట్టు అలవాటు మనలో మెండు. అది మిక్కిలి అపాయకరము, చొంగయందే వైరసుండును. అట్టి పశువును వేఱుగా కట్టి, పశువైద్యునికి కబురంపవలెను. పిచ్చికుక్క కఱచిన పశువునకు లక్షణములు పుట్టకమునుపే కఱచిన దినమున, తరువాత 3, 7, 14, 28 దినములందు సూదులు వేయింపవలెను. దాని పాలు కాచకుండ ఎవ్వరును త్రాగరాదు.