ప్రయోగ రూపకల్పన – పరిశోధన నైతికత: మిల్‌గ్రామ్ ప్రయోగాల పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

మనోవిజ్ఞాన శాస్త్ర పాఠ్యగ్రంథాలలో ప్రయోగ రూపకల్పన ఒక అధ్యాయంగా, పరిశోధన నైతికత మరొక అధ్యాయంగా కనిపిస్తాయి. ఈ విభజన వల్ల నైతికత అంటే పరిశోధనకు ముందు పొందవలసిన అనుమతి పత్రమే అన్న భావన ఏర్పడుతున్నది. నిజానికి ప్రయోజ్యుని పట్ల ఎలా వ్యవహరిస్తున్నామన్న ప్రశ్నకూ, అతని నుండి లభించిన దత్తాంశం ఎంత నమ్మదగినదన్న ప్రశ్నకూ విడదీయరాని సంబంధం ఉన్నది. స్టాన్లీ మిల్‌గ్రామ్ విధేయతా ప్రయోగాల ఆధారంగా ఆ సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రయోగ స్వరూపం

మిల్‌గ్రామ్ ఈ ప్రయోగాలను 1961-62లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో నిర్వహించాడు. జ్ఞాపకశక్తిపై అధ్యయనమని చెప్పి ప్రయోజ్యులను ఆహ్వానించాడు. ‘అభ్యాసకుడు’ తప్పు చెప్పిన ప్రతిసారీ 15 వోల్టుల చొప్పున పెంచుతూ, 450 వోల్టుల వరకు విద్యుదాఘాతం ఇవ్వడం ‘బోధకుని’ పాత్రలోని ప్రయోజ్యుని పని. ఆఘాతాలు నిజమైనవి కావు. అభ్యాసకుడు ప్రయోక్త నియమించిన వ్యక్తి. ఇవేవీ ప్రయోజ్యునికి తెలియవు. 1963లో వెలువడిన తొలి నివేదిక ప్రకారం 40 మంది పురుషులలో 26 మంది చివరి మీట వరకు వెళ్ళారు.

ఇందులో బలమైన రూపకల్పన ఉన్నది. అభ్యాసకుని సామీప్యాన్ని స్వతంత్ర చరంగా మార్చినప్పుడు ఫలితం కూడా మారింది. అతడు అదే గదిలో ఉన్నప్పుడు 40 మందిలో 16 మంది, అతని చేతిని పట్టి పలకపై ఉంచవలసి వచ్చినప్పుడు 12 మంది మాత్రమే చివరి వరకు వెళ్ళారు.

నైతిక విమర్శ – పద్ధతి విమర్శ

ప్రయోజ్యులు చెమటలు పట్టి వణికారని, ముగ్గురిలో అదుపు తప్పిన మూర్ఛ లక్షణాలు కనిపించాయని మిల్‌గ్రామే నమోదు చేశాడు. ఆపివేస్తానన్నవారిని ప్రయోక్త నాలుగు అంచెల హెచ్చరికలతో కొనసాగించాడు. అనగా వైదొలగే హక్కును అడ్డగించడమే ఇక్కడ ప్రయోగ ప్రక్రియ.

1964లో డయానా బౌమ్‌రిండ్ ఈ ప్రయోగాలను విమర్శించింది. ప్రయోగశాలలో ప్రయోజ్యుడు నిపుణుని నమ్మి, అతనిపై ఆధారపడి ఉంటాడు కనుక అక్కడి విధేయతను ఇతర సందర్భాలకు అన్వయించరాదని ఆమె వాదించింది. ఈ వాదన నైతికతతో పాటు బాహ్య సప్రమాణతను కూడా ప్రశ్నిస్తున్నది. ఆఘాతాలు నిజం కావని ప్రయోజ్యులు గ్రహించి ఉండవచ్చునని 1968లో మార్టిన్ ఓర్న్, చార్లెస్ హోలండ్ సందేహించారు. వంచనపై ఆధారపడిన ప్రయోగానికి ఇది ఉభయ సంకటం: ప్రయోజ్యుడు నమ్మితే అతనికి హాని, నమ్మకపోతే దత్తాంశానికి హాని.

తరువాత జరిపిన సర్వేలో సుమారు 84 శాతం మంది పాల్గొన్నందుకు సంతోషమే అన్నారు. కాని తరువాతి సంతృప్తి ముందస్తు సమ్మతికి ప్రత్యామ్నాయం కాజాలదు.

పరిమితి నుండి పుట్టిన రూపకల్పన

2009లో జెర్రీ బర్గర్ ప్రచురించిన అధ్యయనం మరొక మార్గం చూపింది. అభ్యాసకుడు తనను విడిచిపెట్టమని కోరే 150 వోల్టుల దశను దాటిన 33 మందిలో 26 మంది చివరి వరకు వెళ్ళినట్లు మిల్‌గ్రామ్ దత్తాంశమే తెలుపుతున్నది. కాబట్టి బర్గర్ ఆ దశలోనే ప్రయోగాన్ని ఆపాడు. ప్రయోజ్యులను ముందుగా వడపోశాడు. ఎప్పుడైనా వైదొలగవచ్చునని పదే పదే తెలిపాడు. ముగిసిన వెంటనే వాస్తవం వివరించాడు. ప్రధాన ప్రయోగంలో 70 శాతం మంది కొనసాగడానికి సిద్ధపడ్డారు. దీనికి మూల్యం లేకపోలేదు: వడపోత వల్ల ప్రతిదర్శ ప్రాతినిధ్యం తగ్గింది, 150 వోల్టుల తరువాతి ప్రవర్తన అంచనాగానే మిగిలింది. అయినా ఆ మూల్యాన్ని ప్రయోజ్యుడు కాక పరిశోధన భరించింది.

ముగింపు

ఈ చర్చ మన తరగతి గదులకూ వర్తిస్తుంది. అధ్యాపకుడు తన విద్యార్థులనే ప్రతిదర్శగా తీసుకొని, తానే సమ్మతి పత్రం పంచి, తానే సేకరించినప్పుడు అక్కడ జరుగుతున్నది సమ్మతియా, విధేయతయా? భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు విద్యార్థులను అధికార శ్రేణికి లోబడి ఉన్నందున రక్షణ అవసరమైనవారిగా గుర్తించాయి. కాదనే స్వేచ్ఛ లేని విద్యార్థి ప్రశ్నావళిలో కూడా అధ్యాపకుడు ఆశించే సమాధానమే రాసే ప్రమాదం ఉన్నది. మార్కులతో సంబంధం లేని మరొకరి ద్వారా సమ్మతి తీసుకోవడం, పాల్గొననివారెవరో అధ్యాపకునికి తెలియకుండా చూడటం ఇందుకు సులభమైన మార్గాలు. ఇవి విద్యార్థి హక్కుతో పాటు పరిశోధన సప్రమాణతను కూడా కాపాడతాయి.