మందార సంకరణం

మందార సంకరణం అనగా ఒక మందార రకపు పుప్పొడిని మరొక మందార రకపు కీలాగ్రముపై చేతితో చేర్చి, అందువలన ఏర్పడిన విత్తనాల నుండి కొత్త మొక్కలను పెంచే పద్ధతి. దీనికి ప్రయోగశాల గాని, ఖరీదైన పరికరాలు గాని అవసరం లేదు. పూలు పూసే రెండు వేరువేరు మందార మొక్కలు, ఒక చిన్న కుంచె, కాస్త దారం, కొన్ని కుండీలు ఉంటే ఇంటి పెరటిలోనే చేయవచ్చును. అయితే పుప్పొడి చేర్చిన రోజు నుండి కొత్త మొక్క తొలి పువ్వు పూసే వరకు ఏడాదిన్నర, ఒక్కొక్కప్పుడు రెండేళ్ళకు పైగా పడుతుంది. ఈ వ్యాసంలో కామారెడ్డి జిల్లా, బాన్సువాడ రెవెన్యూ డివిజనుకు చెందిన బిచ్కుంద మండలం వంటి నల్లరేగడి ప్రాంతపు నేలకు, ఎండలకు తగినట్లుగా ఈ పద్ధతి వివరించబడినది.

పేర్లు

మందారం శాస్త్రీయ నామం హైబిస్కస్ రోజా-సైనెన్సిస్. 1753లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరుకు 'చైనా గులాబి' అని అర్థం. పేరులో చైనా ఉన్నప్పటికీ, ఈ మొక్క మనుషులు నాటకుండా అడవిలో తనంతట తాను పెరుగుతున్న చోటు ఏదీ స్పష్టంగా కనుగొనబడలేదు. సంస్కృతంలో దీనిని జపాకుసుమం అంటారు. బిచ్కుంద ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువలో ఉన్నందున, ఒకే పువ్వును తెలుగువారు మందారమనీ, మరాఠీవారు జాస్వంద అనీ, కన్నడిగులు దాసవాళ అనీ పిలవడం ఇక్కడ వినవచ్చును. మందారం మాల్వేసి కుటుంబానికి చెందినది. పత్తి, బెండ కూడా ఈ కుటుంబంలోనివే. గోంగూర మరింత దగ్గరి చుట్టం, అది కూడా హైబిస్కస్ ప్రజాతికి చెందినదే. విత్తనానికి వదిలిన గోంగూర మొక్క పువ్వును, మందార పువ్వును పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంబంధం ఎవరికైనా తెలుస్తుంది.

పెరటి మందారం కాయ కాయకపోవుటకు కారణం

తెలుగు ఇళ్ళలో కనిపించే ఎర్రని రెక్క మందారం, ముద్ద మందారం ఏడాది పొడుగునా పూస్తాయి గాని కాయలు కాయడం చాలా అరుదు. అందువలన మందారానికి విత్తనాలే ఉండవని చాలామంది అనుకొంటారు. ఈ మొక్కలను తరతరాలుగా కొమ్మ విరిచి నాటుకొంటూ వచ్చారు. కొమ్మ నుండి వచ్చిన మొక్కకు తల్లిమొక్క జన్యువులే ఉంటాయి. అనగా ఒక ఊరిలో పది ఇళ్ళలో ఉన్న ఒకే రకపు మందారాలు పది మొక్కలుగా కనిపించినా, నిజానికి అది ఒకే మొక్క. చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయను నిలుపుకోలేవు కనుక పక్కింటి చెట్టు పుప్పొడి అంటినా ప్రయోజనం లేదు. ముద్ద మందారంలో కేసరాలు చాలావరకు రెక్కలుగా మారిపోయి ఉంటాయి కావున పుప్పొడి దొరకడమే కష్టం. తేనెపిట్టలు వచ్చినా, అవి తరచు పువ్వు మొదట్లో పక్క నుండి ముక్కు దూర్చి మకరందం తాగి, కీలాగ్రాన్ని తాకకుండానే వెళ్ళిపోతాయి.

దీని ఫలితం ఆలోచించదగినది. కొమ్మలతోనే వ్యాప్తి చెందే మొక్కలో, ఎప్పుడో ఒక కొమ్మలో కలిగే ఉత్పరివర్తనం తప్ప, కొత్తదనానికి అవకాశం లేదు. దాని బలమూ, బలహీనతా అలాగే కొనసాగుతాయి. మరొక పక్క, నర్సరీలలో అమ్మే పెద్ద పూల రంగురంగుల సంకర మందారాలు చాలావరకు ఇతర వాతావరణాలలో ఎంపిక చేయబడినవి. వాటిలో అనేకం నల్లరేగడి నేలలో మొదటి రెండు వేసవులు దాటలేవు. కాబట్టి స్థానికంగా తట్టుకొని నిలిచిన మొక్కను ఒక వైపు, మంచి రంగు గల సంకర రకాన్ని మరొక వైపు తీసుకొని విత్తనం సాధించడం సరదా మాత్రమే కాదు. ఇక్కడి నేలకు సరిపడే కొత్త రకం పొందటానికి సామాన్యునికి అందుబాటులో ఉన్న మార్గం అదే.

చరిత్ర

మందార సంకరణంలో తొలి ప్రయత్నాలకు పేరుపొందినవాడు చార్లెస్ టెల్ఫేర్. ఇతడు 1820 ప్రాంతంలో మారిషస్ ద్వీపంలో, అక్కడి దీవులకు చెందిన మందార జాతిని తోటల మందారంతో సంకరపరిచాడు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో హవాయి దీవులలో ఈ పని ఒక వేడుకగా మారినది. స్థానిక అడవి జాతులను, తూర్పు ఆఫ్రికాకు చెందిన చీలికల రెక్కల మందారాన్ని (హైబిస్కస్ స్కైజోపెటాలస్), తోట రకాలను కలిపి అక్కడివారు వందల కొద్దీ రకాలను పుట్టించారు. అమెరికన్ హైబిస్కస్ సొసైటీ 1950లో ఏర్పడినది. నేడు తోటలలో ఉన్న మందారం అనేక జాతుల మిశ్రమమే గాని ఒక శుద్ధ జాతి కాదు.

భారతదేశంలో బెంగుళూరు సమీపాన హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అనేక సంకర మందారాలను విడుదల చేసినది. ట్రైబల్ క్వీన్, చిత్రలేఖ, ఫుల్కారీ వాటిలో కొన్ని.

తెలుగు నేలపై చేతి పరాగసంపర్కం పెద్ద ఎత్తున జరిగేది మందారంలో కాదు, దాని బంధువైన పత్తిలో. సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 అనే సంకర పత్తి 1970లో విడుదలైన తరువాత, సంకర విత్తనాల ఉత్పత్తి దక్షిణాదికి కూడా వ్యాపించినది. గద్వాల, కర్నూలు ప్రాంతాల పత్తి విత్తన చేలలో సాయంత్రం మొగ్గల నుండి కేసరాలను తొలగించి, మరునాడు ఉదయం వేరొక రకపు పుప్పొడిని అద్దుతారు. పువ్వు పువ్వుకూ చేతితో చేయవలసిన ఈ పనికి బడి ఈడు పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, పెట్టడం 2000 దశకంలో తీవ్ర విమర్శకు గురి అయినది. పెరటి మందారానికి చేసేది ఇదే పని, అయితే రోజుకు నాలుగైదు పూలకు మించదు.

పువ్వు నిర్మాణం

పాఠశాలలో పుష్ప భాగాలు నేర్పడానికి మందారాన్ని ఎన్నుకోవడానికి కారణం దాని భాగాలన్నీ పెద్దవిగా, కంటికి స్పష్టంగా ఉండటమే. అయిదు ఆకర్షణ పత్రాల నడుమ నుండి పొడవైన గొట్టం వంటి కాడ బయటకు వస్తుంది. ఇది కేసరాలన్నీ కలిసి ఏర్పడిన కేసర నాళం. ఇట్టి కేసరాలను ఏకబంధక కేసరాలు అంటారు. నాళంపై పసుపు పచ్చని పరాగకోశాలు గుత్తులుగా ఉంటాయి. నాళం లోపలి నుండి కీలం సాగి, కొనలో అయిదు శాఖలుగా చీలుతుంది. ఒక్కొక్క శాఖ చివర మఖమలు బొత్తం వంటి గుండ్రని కీలాగ్రం ఉంటుంది. పుప్పొడిని చేర్చవలసినది ఈ అయిదు బొత్తాలకే. రెక్కల అడుగున అయిదు గదుల అండాశయం ఉంటుంది. మందార పుప్పొడి రేణువులు చాలా పెద్దవి. భూతద్దంతో చూస్తే గుండ్రంగా కనిపిస్తాయి, సూక్ష్మదర్శినిలో వాటి చుట్టూ ముళ్ళు కూడా కనిపిస్తాయి.

జతను ఎన్నుకొనుట

కాయను మోసే మొక్కను తల్లి అనీ, పుప్పొడి ఇచ్చే మొక్కను తండ్రి అనీ వ్యవహరిస్తారు. రెండూ వేరువేరు రకాలై ఉండవలెను. తల్లిగా పనికివచ్చే మొక్క తెలుసుకొనుటకు ప్రయత్నించి చూడటం తప్ప వేరే దారి లేదు. కొన్ని రకాలు ఎన్నిసార్లు పుప్పొడి అద్దినా కాయను రాల్చివేస్తాయి. అవే తండ్రిగా బాగా పనిచేయవచ్చును. కావున ఏ జతనైనా రెండు వైపులా ప్రయత్నించవలెను. రంగు ఒక్కటే చూచి జతను ఎన్నుకోవడం తొందరపాటు. ఆకు ఆరోగ్యం, కొమ్మల బలం, మొగ్గ రాలకుండా పూసే గుణం పువ్వు అందం కంటె ముందు చూడవలసినవి.

పరాగసంపర్కం

బిచ్కుంద ప్రాంతంలో ఈ పనికి అనువైన కాలం అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు. ఎండాకాలంలో వేడికి పుప్పొడి శక్తి కోల్పోతుంది, లేత కాయ కూడా రాలిపోతుంది. వర్షాకాలంలో తడిసిన పుప్పొడి పనికిరాదు.

మందార పువ్వు సాధారణంగా ఒక్కరోజే ఉంటుంది. ఉదయం పువ్వు పూర్తిగా విచ్చుకొని, పరాగకోశాలు పగిలి పొడి రాలుతున్నప్పుడు, సుమారు తొమ్మిది నుండి పదకొండు గంటల మధ్య, తండ్రి పువ్వును కోసి దాని కేసర నాళాన్ని నేరుగా తల్లి పువ్వు కీలాగ్రాలకు మెల్లగా రాయవచ్చును, లేదా పొడి కుంచెతో అద్దవచ్చును. అయిదు బొత్తాలూ పసుపు రంగుతో కప్పబడితే చాలును. తండ్రి ఎవరో కచ్చితంగా ఉండవలెనంటే, అదే ఉదయం పరాగకోశాలు పగలక ముందే తల్లి పువ్వు కేసరాలను చిన్న కత్తెరతో కత్తిరించి తీసివేయవలెను. రెండు మొక్కలూ ఒకేరోజు పూయకపోతే, తండ్రి పువ్వును మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఒకరోజు నిలువ ఉంచవచ్చును.

తరువాత పువ్వు కాడకు రంగు దారం వదులుగా కట్టి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొనవలెను. చిన్న విషయంగా తోచే ఈ వ్రాత లేకపోతే, రెండేళ్ళ తరువాత పూసిన పువ్వు ఎక్కడి నుండి వచ్చినదో చెప్పటం అసాధ్యం.

కాయ, విత్తనాలు

మరునాటికి రెక్కలు ముడుచుకొని రాలిపోతాయి. కాడ పసుపు పచ్చగా మారి వారంలో రాలిపోతే ప్రయత్నం ఫలించలేదని అర్థం. కాడ పచ్చగానే ఉండి, రక్షక పత్రాల మధ్య చిన్న గుళిక ఉబ్బితే ఫలదీకరణం జరిగినట్లే. పది పూలకు ఒకటి రెండు నిలిచినా మంచి ఫలితమే. కాయ పండటానికి సుమారు రెండు నెలలు, చలి ఎక్కువగా ఉంటే మరికొంత కాలం పడుతుంది. పండిన కాయ గోధుమరంగుకు మారి, అయిదు పగుళ్ళుగా విచ్చుకొంటుంది. విత్తనాలు నేలరాలకుండా, రంగు మారటం మొదలు కాగానే పలుచని గుడ్డసంచిని కాయకు తొడగవలెను. ఒక కాయలో ఒకటి నుండి ఇరవైకి పైగా విత్తనాలు ఉండవచ్చును. గోధుమ, నలుపు రంగుల మధ్య ఉండే ఈ విత్తనాలపై సన్నని నూగు ఉంటుంది.

నారు పెంపకం

జనవరి, ఫిబ్రవరి నెలలలో చేతికి వచ్చిన విత్తనాలను వెంటనే విత్తడం మేలు. అట్లు చేస్తే మే నెల ఎండలు ముదిరేసరికి మొక్కలకు కొంత వేరు బలం వస్తుంది. వానలు మొదలైన తరువాత కూడా విత్తవచ్చును గాని, తేమ వలన నారుకుళ్ళు తెగులు ఎక్కువగా ఉంటుంది.

విత్తనంపై పొర గట్టిది. మొనదేరిన కొన వైపు కాకుండా, గుండ్రని వైపు బ్లేడుతో పైపొరను కొద్దిగా గీరి, గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెట్టవలెను. ఊరి నల్లమట్టిని కుండీలకు వాడరాదు. అది తడిసినప్పుడు గాలి ఆడనివ్వదు, ఎండినప్పుడు బీటలు వారి లేత వేళ్ళను తెంపివేస్తుంది. జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు, దొరికితే కొబ్బరి పొట్టు కలిపిన మిశ్రమం మంచిది. అడుగున రంధ్రం చేసిన కాగితపు గ్లాసులలో ఒక్కొక్క విత్తనాన్ని ఒక సెంటీమీటరుకు మించని లోతున విత్తుతారు. కొన్ని నాలుగైదు రోజులలో, కొన్ని మూడు వారాలకు మొలకెత్తుతాయి. మొలవలేదని తొందరపడి మట్టిని పారబోయరాదు.

మొలకల మొదళ్ళు మెత్తబడి పడిపోవడం నారుకుళ్ళు తెగులు లక్షణం. నీరు తగ్గించి, గాలి తగిలేలా చేయడమే అసలైన మందు. తెగులు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళలో పోస్తారు. నాలుగైదు ఆకులు వచ్చిన తరువాత మొక్కను మట్టిగడ్డ చెదరకుండా పెద్ద కుండీకి మార్చవలెను. ఏప్రిల్, మే నెలలలో ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట, లేదా షేడ్‌నెట్ క్రింద ఉంచవలెను.

సున్నం ఎక్కువగా గల నేలలో, బోరు నీటితో పెరిగే మందారాలలో ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు పచ్చగా మారటం తరచు కనిపిస్తుంది. ఇది ఇనుము లోపం. పెరిగిన మొక్కలపై లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే ఆకు తిరిగి పచ్చబడుతుంది. పిండినల్లి పట్టిన కొమ్మలను కత్తిరించి, లీటరుకు 5 మి.లీ. వేపనూనెను కొద్దిగా సబ్బు నీటితో కలిపి చల్లుతారు.

మొలకలలో తేడాలు

మెండల్ బఠానీ ప్రయోగంలో మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయని విద్యార్థులు చదువుకొంటారు. మందారంలో అట్లు జరగదు. ఒకే కాయలోని పది విత్తనాల నుండి పది వేరువేరు పూలు రావచ్చును. మెండల్ వాడినవి శుద్ధ వంశక్రమాలు. మందారంలో తల్లీ తండ్రీ ఇద్దరూ అప్పటికే అనేక జాతుల మిశ్రమాలు. పైగా వీటి కణాలలో క్రోమోజోములు రెండు ప్రతుల కంటె ఎక్కువగా ఉంటాయి, రకానికీ రకానికీ వాటి సంఖ్య కూడా మారుతుంది. అందువలన ఎరుపును పసుపుతో కలిపితే నారింజ వస్తుందని లెక్క కట్టలేము. ఎరుపు, గులాబి రంగులకు ఆంథోసయనిన్లు, పసుపుకు ముఖ్యంగా కెరొటినాయిడ్లు కారణం. ఈ రెండూ ఏ పాళ్ళలో వస్తాయో పువ్వు విచ్చినప్పుడే తెలుస్తుంది. ఎర్ర మందారం రసం ఆమ్లంలో ముదురు గులాబి రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారేది కూడా ఆ ఆంథోసయనిన్ల వలననే.

తొలి పువ్వును బట్టి మొక్కను తీసివేయడం సరికాదు. చిన్న మొక్కపై మొదటి పూలు చిన్నవిగా, రంగు తక్కువగా ఉండవచ్చును. కనీసం ఒక చలికాలం, ఒక వేసవి గడిచేవరకు గమనించవలెను. అయినను ఎక్కువ భాగం మొక్కలు తల్లిదండ్రుల కంటె మెరుగ్గా ఉండవన్నది వాస్తవం. స్థలం చాలని పెరటిలో వాటిని ఇరుగుపొరుగులకు, పాఠశాలలకు ఇచ్చివేయవచ్చును.

కొత్త రకాన్ని నిలుపుకొనుట

నచ్చిన మొక్కను విత్తనం ద్వారా నిలుపుకోలేము. దాని విత్తనాలు మళ్ళీ వేరే పూలను ఇస్తాయి. కనుక ఈ దశలో మరల కొమ్మ నాటే పాత పద్ధతికే రావలెను. పెన్సిలు మందం గల కొమ్మలను వానాకాలంలో ఇసుకలో నాటితే వేళ్ళు వస్తాయి. వేరు బలహీనంగా ఉన్న రకాలను పెరటి ఎర్ర రెక్క మందారాన్ని వేరుమూలంగా తీసుకొని అంటు కడతారు. ఒకే మొక్కగా ఉన్నంత కాలం ఒక వేసవి, ఒక తెగులు చాలు, ఆ రకం పూర్తిగా పోవడానికి. అందుచేత మొదటి ఏడాదిలోనే రెండు మూడు అంట్లు చేసి, వాటిలో ఒకటైనా వేరొకరి ఇంట నాటించవలెను.