మినిట్సు పుస్తకం అమ్ముకున్న క్లబ్బు

మన సంఘం బీరువా సర్దే పని యేటా ఒకసారి తప్పదు. ఈమారు సర్దుతూ వుండగా, చెదలు తినగా మిగిలిన పాత మినిట్సు పుస్తకాలు నాలుగు బయటపడ్డాయి. "ఇవెందుకండీ, తూకానికి వేసేస్తే చోటు కలిసివస్తుంది గదా!" అన్నాడొక కుర్రవాడు. అతని మాటలో తప్పు పట్టలేము. అందులో ఉన్నదేమిటి? ఫలానావారు చందా ఇచ్చారు, ఫలానావారు ఇవ్వలేదు, జంపఖానాలు అద్దెకు తెచ్చారు - ఇంతే గదా! అయినా ఆ మాట వినగానే మాకు ఇంగ్లండులోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కథ జ్ఞాపకం వచ్చింది. ఆ క్లబ్బువారు కూడా తమ పాత పుస్తకాలను అమ్మివేశారు. అయితే తూకానికి మాత్రం కాదు.

షెఫీల్డు అనే ఊరి పేరు మన పెద్దలకు కొత్తది కాదు. వారు గడ్డం గీసుకొన్న మంచి కత్తుల మీద ఆ ముద్ర ఉండేది. ఉక్కుకు, చాకులకు, కత్తులకు పేరుపడిన ఆ పట్టణంలో నథానియెల్ క్రెస్విక్ అనే న్యాయవాది, విలియం ప్రెస్ట్ అనే ద్రాక్షసారా వర్తకుడు ఉండేవారు. ఇద్దరూ క్రికెట్టు ఆటగాళ్లే. చలికాలంలో క్రికెట్టు ఉండదు, ఒళ్లు బరువెక్కుతుంది. కనుక ఆ నెలలు గడవడానికొక ఆట కావలెనని ఆలోచించి 1857 అక్టోబరు 24వ తేదీన షెఫీల్డు ఫుట్‌బాల్ క్లబ్బును స్థాపించారు. ఈనాడు ప్రపంచంలోని ఫుట్‌బాల్ క్లబ్బులన్నిటిలోను పెద్దన్నగా అంగీకరింపబడుతున్నది ఈ క్లబ్బే.

పెద్దన్నకు వచ్చిన చిక్కేమిటంటే, ఆడుదామంటే ఎదుట జట్టు లేదు! అందుచేత తమలో తామే చీలి, పెండ్లయినవారు ఒక ప్రక్క, పెండ్లికానివారు ఒక ప్రక్క నిలిచి ఆడుకొన్నారు. ఎవరు ఏ ప్రక్కవారో తెలిసేందుకు ప్రతి ఆటగాడు ఎర్ర టోపీ ఒకటి, ముదురు నీలం టోపీ ఒకటి తెచ్చుకోవలెనని నియమం. ఆ నియమాలను 1858లో చేతితో వ్రాసుకొని, మరుసటి ఏడు అచ్చు వేయించారు.

ఆ కాలంలో ఒక్కొక్క పాఠశాలవారు ఒక్కొక్క తీరున బంతి ఆడేవారు. షెఫీల్డువారి నియమాలలో బంతిని చేతితో తోయవచ్చును, కొట్టవచ్చును, పట్టుకొని పరుగెత్తరాదు. మనిషిని తోయవచ్చును, కాలు అడ్డుపెట్టి పడవేయరాదు, పిక్కల మీద తన్నరాదు. ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. కాని ఆటకు ఈనాటి రూపం వచ్చినది ఇటువంటి దిద్దుబాట్ల వలననే. మూల నుండి కొట్టే కార్నర్ కిక్కు షెఫీల్డులో మొదలై, 1872లో లండను అసోసియేషను నియమాలలో చేరింది. 1866లో షెఫీల్డు జట్టు లండను పోయి బాటర్సీ పార్కులో ఆడినపుడు వీరు బంతిని తలతో కొట్టడం చూసి అక్కడివారు నవ్వుకొన్నారని చెబుతారు. ఆటలో లండనువారే గెలిచారు. తలతో కొట్టడం మాత్రం నేడు ప్రపంచమంతటా ఉన్నది.

1860లో ఆ ప్రాంతంలోనే హాలమ్ అనే రెండవ క్లబ్బు పుట్టింది. ఆ ఏడు డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడు, శాండీగేటు మైదానంలో రెండు జట్లు తలపడ్డాయి. రెండు క్లబ్బుల మధ్య జరిగిన మొదటి ఫుట్‌బాల్ పోటీ అదేనంటారు. షెఫీల్డుకు అప్పటికి తోడు దొరికింది.

అసలు కష్టం తరువాత వచ్చింది. 1885లో ఆటగాళ్లకు జీతాలివ్వవచ్చునని ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషను అంగీకరించింది. అదే పట్టణంలోని వెన్స్‌డే క్లబ్బు 1887లో జీతాల పద్ధతికి మారింది. 1889లో షెఫీల్డు యునైటెడ్ వెలిసింది. జనమంతా ఆ రెండింటి వెంట పోయారు. మన పెద్దన్న మాత్రం జీతాల మాట వద్దన్నాడు. ఉద్యోగం ఉద్యోగమే, ఆట ఆటే అన్నాడు. జీతాల జట్ల చేతిలో చిత్తుగా ఓడిపోతూ వచ్చాడు. అయినా పట్టు విడువలేదు. జీతం లేనివారికే ప్రత్యేకంగా ఒక కప్పు ఉండవలెనని ఈ క్లబ్బువారు సూచించారు. కొలది కాలానికే అమెచ్యూరు కప్పు పోటీలు మొదలైనాయి. 1904లో ఆ కప్పును షెఫీల్డువారే గెలుచుకొన్నారు. ఫైనలులో ఈలింగ్ జట్టుపై 3-1. ఇంత సుదీర్ఘ చరిత్రలో వారు చెప్పుకోదగిన గెలుపు అదే.

పట్టుదల వేరు, గూడు వేరు. ఈ క్లబ్బుకు తరతరాలుగా సొంత మైదానం లేకపోయింది. ఇక్కడ కొన్నాళ్లు, అక్కడ కొన్నాళ్లు అద్దెకు ఆడారు. ప్రతి పండుగకు ఒక హాలు వెతుక్కొనే మన సంఘాలవారికి ఆ కష్టం వేరుగా చెప్పనక్కరలేదు. చివరకు 2001లో ఊరికి దక్షిణాన డ్రాన్‌ఫీల్డులో సొంత మైదానం అమరింది. క్లబ్బు పుట్టిన 144 ఏండ్లకు! 1974లోనే అమెచ్యూరు, జీతగాడు అనే తేడాను అసోసియేషను తీసివేసింది. అమెచ్యూరు కప్పు కూడా ఆ ఏటితోనే ముగిసింది. క్లబ్బు మాత్రం మిగిలింది.

గౌరవాలకు కొదవ లేదు. 2004లో అంతర్జాతీయ సమాఖ్య ఫీఫా తన ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను క్లబ్బులలో రెండింటికే ఇచ్చింది. ఒకటి కోట్లకు పడగెత్తిన రియల్ మాడ్రిడ్, రెండవది ఈ షెఫీల్డు. 2007లో నూట ఏబదేండ్ల పండుగకు ఇటలీ నుండి ఇంటర్ మిలాన్ జట్టు వచ్చి ఆడింది. బ్రెజిల్ మహా క్రీడాకారుడు పేలే స్వయంగా విచ్చేశాడు. కాని సన్మానాలతో మైదానంలో గడ్డి మొలవదు గదా!

2011 జులైలో ఆ క్లబ్బువారు 1858నాటి చేతివ్రాత నియమాలను, 1859నాటి అచ్చుప్రతిని, పాత మినిట్సు పుస్తకాలను లండనులో సోత్‌బీస్ సంస్థ ద్వారా వేలం వేయించారు. 8,81,250 పౌనులు పలికాయి. ముందు రోజుల ఖర్చులకు నిధి కావలసి వచ్చింది; పుట్టినప్పటి కాగితాలు పోయాయి.

ఇది మంచిదా, చెడ్డదా? మా కార్యవర్గంలో ఈ కథ చెప్పినప్పుడు రెండు పక్షాలయ్యాయి. తాతనాటి కాగితాలు అమ్ముకొని బ్రతకడమేమిటని పెద్దలన్నారు. క్లబ్బే లేకుంటే కాగితాలు ఎవరికి, మైదానంలో పిల్లలు ఆడితేనే గదా తాతల పేరు నిలిచేది అని కుర్రవారన్నారు. మాకు ఇరుపక్షాల మాటా సబబుగానే తోచింది. ఇంటి పెద్ద పొలం అమ్మి పిల్లవాణ్ణి చదివించినప్పుడు ఇరుగుపొరుగువారు రెండు రకాలుగానే అనుకొంటారు. ఆ పొలం గట్టు మీద నిలిచినవానికే ఆ బాధ తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం నిశ్చయం. ఆ రోజు ఎవరో ఒక కార్యదర్శి, దీపం దగ్గర కూర్చొని, టోపీల రంగు మొదలుకొని అన్నీ ఓపికగా వ్రాసిపెట్టాడు. తరువాతివారు తూకానికి వేయలేదు. కనుకనే అమ్మడానికైనా ఏదో ఉన్నది.

మన నాలుగు పుస్తకాలకు వేలంలో నాలుగు రూపాయలు కూడా రావేమో! అయినా వాటిని ఎండబెట్టి, అట్టలు వేయించి, మరల బీరువాలోనే పెట్టినాము. తూకానికి వేద్దామన్న కుర్రవాడే ఈ ఏటి మినిట్సు వ్రాయడానికి ఒప్పుకొన్నాడు. పాఠక సోదరసోదరీమణుల ఇండ్లలో సంఘానికి సంబంధించిన పాత ఆహ్వానపత్రికలు, రశీదులు, ఛాయాచిత్రాలు ఉంటే మాకు చూపవలసినదిగా కోరుతున్నాము. నకలు తీసుకొని భద్రంగా తిరిగి ఇస్తాము.