ఉప్పెనకు ముందే మేలుకొనవలెను

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను ఆంధ్రులు మఱువజాలరు. సుమారు 5 మీటర్ల యెత్తున లేచిన సముద్రము సొర్లగొంది మొదలగు గ్రామములను తుడిచిపెట్టెను. కనీసము 10,000 మంది మృతినొందిరి. తుపాను వచ్చునన్న హెచ్చరిక నాడు లేకపోలేదు. అది గుడిసె గుడిసెకును చేరలేదు, చేరినచోటను పోయి తలదాచుకొనుటకు తావు లేదు.

1990వ సంవత్సరము మే నెలలో కృష్ణా ముఖద్వారమునొద్దనే మఱియొక ప్రచండ తుపాను తీరము దాటెను. ఈ తడవ లక్షకు పైగా జనులను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచెను. సన్నాహమున కింత ఫలము గలదు.

ప్రభుత్వము హెచ్చరిక పంపవచ్చును, ఆశ్రయభవనములు కట్టవచ్చును. కాని అర్ధరాత్రమున నడువలేని ముదుసలిని మోయువారెవరు? ఎవరి మేడ తలుపులు తెఱచియుండును? వీనికి గ్రామమే ప్రత్యుత్తర మీయవలెను. మేడలుగల గృహస్థులను మేమొక్కటి యడుగుచున్నాము: మీ పొలమున నాట్లువేయు కూలివానికి మీ మేడమెట్లు ఎటనున్నవో తెలియునా? ఉప్పెన కులమడుగదు. ఆ మెట్లు చూపవలసినది నీరు గడపను తాకిననాడు కాదు. ఆకాశము నిర్మలముగా నున్న నేడే.