టిల్లీ కథ: ఒక నటీమణి నడిపిన హాస్యచిత్రము



పల్లెపడుచును పట్టణపు మోసగాడు మాయమాటలతో వంచించుట యను కథ ఏ దేశమునకును క్రొత్తది కాదు. విన్నవారికి కన్నీరు తెప్పించు కథ యది. అట్టి కథనే గైకొని, చూచువారి పొట్ట చెక్కలగునట్లు నవ్వించిన చలనచిత్ర మొకటి 1914వ సంవత్సరమున అమెరికాలో వెలువడెను. దాని పేరు 'టిల్లీస్ పంక్చర్డ్ రొమాన్స్'. గాలిపోయిన చక్రమువలె కూలబడిన ప్రేమ యని దాని భావము.

నాటికి చిత్రములకు మాట రాలేదు. నటు లభినయించుచుండగా నడుమనడుమ అక్షరములు తెరపై కనబడెడివి. హాస్యచిత్రములు సామాన్యముగా ఒకటి రెండు రీళ్ళతో ముగిసెడివి. కీస్టోన్ కంపెనీ యధిపతి మాక్ సెనెట్ ఆ వాడుకను దాటి, ఆరు రీళ్ళ హాస్యచిత్రమును తీయ సాహసించెను. ఆ సాహసమునకు ఊతము మేరీ డ్రెస్లర్ అను నటి. కెనడాలో 1868లో జన్మించి, నాటకరంగమున ఆమె గొప్ప పేరు గడించినది. 1910లో ఆమె యాడిన 'టిల్లీస్ నైట్‌మేర్' అను నాటకమే ఈ చిత్రమునకు మూలము. మోసగాడుగా నటించినవాడు చార్లీ చాప్లిన్. అత డా యేడే చిత్రములలో ప్రవేశించిన క్రొత్తవాడు.

కథ యిది. టిల్లీ రైతుబిడ్డ. ఊరికి వచ్చిన పరదేశి ఆమె తండ్రి దాచిన సొమ్మును కనిపెట్టి, ఆమెను వలపించి, సొమ్ముతో సహా పట్టణమునకు లేవదీసికొని పోవును. అచ్చట తన పాత ప్రియురాలితో కలిసి, టిల్లీచేత మద్యము త్రాగించి, సంచి కాజేసి పరారి యగును. ఆ ప్రియురాలి వేషము మేబెల్ నార్మండ్‌ది. టిల్లీ పూటకూటియింట వడ్డనపని చేయుచుండగా, ధనికుడైన ఆమె పినతండ్రి కొండపైనుండి పడి మరణించెనని వార్త వచ్చును. పత్రికలో అది చదివిన మోసగాడు పరుగున వచ్చి, ఆస్తిమాట చెప్పకయే ఆమెను పెండ్లాడును. తీరా పినతండ్రి బ్రతికి వచ్చును! గుట్టు బయటపడి, తుపాకి చప్పుళ్ళతో, పోలీసుల పరుగులతో కథ సముద్రతీరమునకు చేరును.

ఇందు మేరీ డ్రెస్లర్ నేర్పు గమనింపదగినది. ఆమె స్థూలకాయురాలు, వయస్సు 40 ఏండ్లు దాటినది. ఆ శరీరముతోనే పడుచుపిల్ల సిగ్గును, ఉబ్బును, ఉక్రోషమును మాటలేకయే పలికించినది. నిజమే, లావును, త్రాగి తూలుటను ఈ చిత్రము పలుమారు నవ్వులాట చేసినది. అది దాని లోపము. కాని నవ్వు కడవరకు అమాయకురాలిపైననే నిలువలేదు. చివర టిల్లీ ఉంగరము తీసి యిచ్చివేయును. వానివలన మోసపోయిన యామెయు, వానితో కూడి మోసగించిన యామెయు, వాడు తమలో ఎవరికిని తగడని తెలిసికొని, ఒకరినొకరు కౌగిలించుకొందురు. వానిని పోలీసులు ఈడ్చుకొని పోవుదురు. మోసపోయిన స్త్రీకి అపకీర్తియే శేషమని లోక మనుచుండును. ఈ చిత్రమున అపహాస్యము మోసగానిపాలే యయ్యెను.

తరువాతి కాలమున చాప్లిన్ కీర్తి పెరుగగా, పలువు రీ చిత్రము నతని పేరనే తలచిరి. డ్రెస్లర్‌కు 1920 తరువాత కొన్నియేండ్లు పనియే కరువాయెను. అయినను చిత్రములకు మాట వచ్చిన పిమ్మట, 60 ఏండ్లు దాటిన వయస్సున ఆమె తిరిగి లేచి, 'మిన్ అండ్ బిల్' చిత్రమునకు 1931లో అకాడమీ బహుమానము నందుకొనినది. 1934లో కాలధర్మము నొందినది.

హాస్యము నెంచునపుడు, ఎంత నవ్వితిమని మాత్రమే గాక, ఆ నవ్వు తుదకు ఎవరిపై పడినదని కూడ విచారింపవలెను. టిల్లీ కథ ఆ పరీక్షకు నిలిచినది.