తనవి కాని గుడ్లు: యిర్మీయా హెచ్చరిక వాకాడు తీరంలో ఎవరికి?

కోతకాలపు పండగ ఆదివారం నాడు మా వైపు చర్చీల్లో బల్ల ముందర వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపెట్టలు పెడతారు. ఆరాధన అయినాక వాటిని వేలం పాడతారు. వాకాడు మండలంలోని ఒక పల్లెలో అట్లాంటి ఆదివారమే నేను వెనక చాపమీద కూర్చుని ఉన్నాను. అయ్యగారు యిర్మీయా గ్రంథం తొమ్మిదో అధ్యాయం తీశారు. జ్ఞానం, బలం, ధనం, ఈ మూడింటినీ చూసుకుని ఎవరూ విర్రవీగరాదన్న భాగం. ఆయన ప్రసంగమంతా మూడోదాని మీదనే నడిచింది. డబ్బుకు ఆశపడవద్దు, ఉన్నదానితో తృప్తిపడండి, పరలోకంలో ధనం కూర్చుకోండి అని అరగంట చెప్పారు. వింటున్నదెవరయ్యా అంటే రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా కాసేవాళ్ళు, నాట్లకు కోతలకు పోయే ఆడవాళ్ళు, పిల్లకాయల్ని చదివించటానికి వడ్డీకి తెచ్చి ఆ వడ్డీ కట్టలేక అల్లాడేవాళ్ళు. బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఒక ముసలామె నాతో అన్నది: "మా కాడ యాడుండాది నాయనా నమ్ముకునేదానికి? ఆ మాటేదో ఆసామికి చెప్పమను."

ఆమె ఎగతాళికి అన్నదేమో నాకు తెలియదు. కానీ బైబిలు తెరిచి చూస్తే ఆమె చెప్పిందే సరైన వ్యాఖ్యానం. యిర్మీయా ఆ మాట చెప్పింది ఆసాములకే.

యిర్మీయా యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న అనాతోతు అనే పల్లెలో పుట్టాడు. యాజకుల ఇంటివాడే గానీ రాజధాని గుడిలో పెత్తనం ఉన్నవాడు కాదు. క్రీ.పూ. 627 ప్రాంతంలో నోరు విప్పి, 587లో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చిన తర్వాత కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. దానికి ప్రతిఫలంగా దెబ్బలు తిన్నాడు, బురద గోతిలోకి దించబడ్డాడు, ఒక రాత్రంతా బొండలో ఉన్నాడు. బొండకొయ్య అంటే ఏమిటో మన తాతలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆయన ఎవరి ధనం గురించి మాట్లాడాడో ఇరవై రెండో అధ్యాయంలో స్పష్టంగా ఉంది. క్రీ.పూ. 609లో యోషీయా రాజు మెగిద్దో దగ్గర చనిపోయాడు. ఐగుప్తు రాజు యోషీయా కొడుకు యెహోయాకీమును గద్దె మీద కూర్చోబెట్టి, వంద తలాంతుల వెండి, ఒక తలాంతు బంగారం కప్పం వేశాడు. యెహోయాకీము ఆ కప్పాన్ని తన పెట్టెలోంచి తియ్యలేదు. జనం మీద పన్ను వేసి వసూలు చేశాడు. ఇట్లాంటి కాలంలో ఆయన తనకొక మేడ కట్టించుకున్నాడు. విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, వాటికి ఎర్రరంగు. యిర్మీయా కోపం దేవదారు మీద కాదు. పొరుగువాడి చేత పని చేయించుకుని కూలి ఇవ్వకుండా కట్టిన ఇల్లు ఇది అన్నాడు. తెలుగులో దీనికి ఒక్క మాట చాలు, వెట్టి.

ఆ తర్వాత ఆయన అన్న మాట ఇంకా ముఖ్యం. నీ తండ్రీ తిన్నాడు, తాగాడు, అయినా బీదవాడి వ్యాజ్యంలో న్యాయం తీర్చాడు, దేవుణ్ణి తెలుసుకోవటమంటే అదే కదా, అని రాజును అడుగుతాడు. ఇప్పుడు తొమ్మిదో అధ్యాయానికి వెనక్కి వెళ్ళండి. అక్కడ ధనవంతుడు ధనాన్ని చూసి మురవకూడదన్నాక, మురవాలనుకుంటే దేవుణ్ణి తెలుసుకున్నందుకు మురవమని ఉంది. మన అయ్యగార్లు ఇక్కడ ఆగిపోయి, తెలుసుకోవటమంటే ప్రార్థన, ఉపవాసం, ఆదివారం తప్పకుండా రావటం అని అర్థం చెబుతారు. ప్రవక్త మాత్రం అర్థం తానే చెప్పి పెట్టాడు. కూలి ఎగ్గొట్టకుండా ఉండటం, బీదవాడి వ్యాజ్యాన్ని పట్టించుకోవటం. ఒక అధ్యాయంలో ప్రశ్న, ఇంకో అధ్యాయంలో జవాబు. రెండూ కలిపి చదివితే తృప్తి ప్రసంగానికి చోటే లేదు.

ఇది తీరంలో మొదటి మిషనరీల నుంచి వచ్చిన అలవాటు అనుకుంటాను. 1860ల నడిమి నుంచి జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ మిషను లూథరన్లు దక్షిణ నెల్లూరు అంతా తిరిగారు. గూడూరు, వాకాడు వాళ్ళ కేంద్రాలే. మన వాళ్ళకు అక్షరం ముక్క వాళ్ళ బళ్ళల్లోనే వచ్చిందనేది నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. అయినా పాపమంటే లోపలి దురాశ అన్నారు గానీ, ఆసామి గాదెలో ఉన్న మన కూలి అనలేదు. ఇప్పటి ఆశీర్వాద కూటాల వాళ్ళది ఇంకో దారి. విత్తితే కారు వస్తుంది, మేడ వస్తుంది అంటారు. మొదటివాళ్ళు లేనివాడికి తృప్తి నేర్పితే, వీళ్ళు లేనివాడి జేబులోది కూడా తీసుకుంటున్నారు. ఈ రెండు ప్రసంగాల్లోనూ ఆసామి ఊసు రాదు.

పదిహేడో అధ్యాయంలో యిర్మీయా ఒక పోలిక చెబుతాడు. అన్యాయంగా ఆస్తి సంపాదించినవాడు తాను పెట్టని గుడ్లు పొదిగే కౌజుపిట్ట లాంటివాడు. సగం ఆయుష్షులో అది వాణ్ణి విడిచిపోతుంది, చివరికి వాడు వెర్రివాడుగా మిగులుతాడు. మనకు తెలిసిన కథ కాకి, కోయిలది. అందులో కాకి మోసపోయింది, దాని మీద జాలి కలుగుతుంది. యిర్మీయా పిట్ట వేరు. అది పరాయి గుడ్ల మీద కూర్చుని నావే అనుకుంటున్నది. ధనాన్ని నమ్ముకోవటమంటే ఆయన లెక్కలో ఇదే. మన దగ్గర నాలుగు రూపాయలుంటే బాగుండునని ఆశపడటాన్ని ఆయన ఎక్కడా నమ్ముకోవటం అనలేదు. ఎవరిదో కష్టం, ఎవరిదో భూమి, అది ఎప్పటికీ నా కిందనే ఉంటుందన్న ధైర్యం పేరు నమ్మకం. గుడి ఉంది కాబట్టి మాకేం కాదు అనేవాళ్ళనూ ఏడో అధ్యాయంలో ఇదే మాటతో కొట్టాడు.

ఈ పిట్టను వాకాడు తీరంలో చూడవచ్చు. ఈ మండలంలోని దుగరాజపట్నంలో 1626 ప్రాంతంలోనే ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు వర్తకశాల పెట్టారు. వాళ్ళ రాతల్లో దాని పేరు ఆర్మగాం. మద్రాసు దొరకగానే దీన్ని వదిలేసి వెళ్ళారు. తర్వాత బకింగ్‌హాం కాలువ మీద పడవలు నడిచాయి, అవీ ఆగిపోయాయి. 2014 విభజన చట్టంలో దుగరాజపట్నం ఓడరేవు మొదటి దశ 2018కల్లా అని రాశారు. 2018 వచ్చింది, పోయింది. సంపద వస్తుందన్న వార్త మాత్రం ఈ ఇసకకు కొత్త కాదు. నిజంగా వచ్చిన సంపద రొయ్య.

1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్య గుంటలు తవ్వారు. వరిచేలు, మేత బీళ్ళు, మడ కాలువల గట్లు, డీకేటీ పట్టా భూములు, ఏది దొరికితే అది లీజుకో, కొనుగోలుకో, ఊరికే ఆక్రమించో. గుంటలోకి ఉప్పునీళ్ళు ఎక్కించి, వాడిన నీళ్ళు కాలువలోకి వదిలేవాళ్ళు. పక్క చేలో ఉప్పు ఊరేది, బోరింగు నీళ్ళు నోట పెట్టుకోలేకుండా అయ్యేవి. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామంలో 600 మంది మత్స్యకారులకు తాగే నీళ్ళు లేకుండా పోయి, జనం గొడవ చేశాక ట్యాంకర్లతో తోలారని సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన నివేదికలోనే ఉంది. నాట్లు, కలుపు, కోత ఉన్న ఎకరానికి పదిమంది ఆడవాళ్ళు కావాలి. గుంటకు ఒక కాపలావాడు, మేత చల్లేవాడు చాలు. ఈ లెక్కను డాలర్లలో రాసినవాళ్ళు దీన్ని ఎగుమతి అన్నారు. మన వాడల లెక్కలో అది పోయిన కూలి.

1994 చివర్లో తెల్లమచ్చ తెగులు వచ్చింది. రొయ్యలు రోజుల్లో చచ్చి గట్లకు కొట్టుకొచ్చాయి. అప్పు తెచ్చి మునిగిన చిన్నరైతులూ ఉన్నారు, వాళ్ళ మీద నాకు సానుభూతి ఉంది. పెద్దవాళ్ళు మోటార్లు, పైపులు పీక్కుపోయారు. ఉప్పెక్కిన నేల మాత్రం ఇక్కడే ఉండిపోయింది. కౌజుపిట్ట లేచిపోయినా గూడు కింద నేల చెడిపోయి ఉంటుందని యిర్మీయా రాయలేదు, అది మనం చేర్చుకోవాలి. దేవుడు ధనికుణ్ణి దెబ్బకొట్టాడని సంబరపడే ప్రసంగంలో ఉన్న లోపం ఇది. ఆసామి ఆస్తి పోయినప్పుడు ముందు పస్తులుండేది ఆయన దగ్గర కూలికి పోయేవాడే.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తమిళనాడుకు చెందిన సర్వోదయ కార్యకర్త ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, తీర నియంత్రణ పరిధిలోని గుంటల్ని, పాత పద్ధతివి తప్ప, 1997 మార్చి 31 లోపల తీసేయమన్నది. పంట భూమిని, ఉప్పు మళ్ళను గుంటలుగా మార్చకూడదన్నది. మూతపడే గుంటల్లోని పనివాళ్ళకు ఆరేళ్ళ కూలి అదనపు పరిహారంగా ఇమ్మన్నది. చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. నమ్మకపోవటమే మంచిదయింది. రివ్యూ పిటిషన్లు పడ్డాయి, అమలు ఆగింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, 1991 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ ఈ గుంటలకు మొదటి నుంచీ వర్తించనట్టు మార్చేసింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక గట్లు మళ్ళీ లేచాయి.

ఇదంతా యిర్మీయా ముప్పైనాలుగో అధ్యాయం. బబులోను సైన్యం చుట్టుముట్టినప్పుడు సిద్కియా రాజు, పెద్దలు భయపడి తమ దాసులందర్నీ విడిచిపెడతామని గుడిలో ఒట్టు పెట్టుకున్నారు, విడిచిపెట్టారు. ఐగుప్తు సైన్యం బయలుదేరిందని విని బబులోనువాళ్ళు కాస్త వెనక్కి తగ్గగానే, విడిచిన వాళ్ళనే మళ్ళీ పట్టుకొచ్చి దాసుల్ని చేసుకున్నారు. యిర్మీయా గ్రంథంలో నాకు అన్నింటికన్నా మండుతూ కనిపించే భాగం ఇదే. గ్రంథంలో ఉన్న ఇన్ని పాపాల్లో ఆయన నగరం కాలిపోవటానికి కారణంగా ఇక్కడ చూపించింది ఇచ్చిన విడుదలను వెనక్కి లాక్కోవటాన్ని. ఉద్యమం వేడిగా ఉన్నప్పుడు చట్టం, చల్లారాక సవరణ. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ తర్వాత కూడా ఆసామి గడపలో జీతానికి పెట్టిన పిల్లకాయలతో కలిసి నేను బడికి పోవాల్సింది, వాళ్ళు లేకుండా పోయాను.

ఇంతకీ యిర్మీయా ఆస్తికి విరోధా? ఇక్కడే తృప్తి ప్రసంగం పూర్తిగా కూలిపోతుంది. నగరం ముట్టడిలో ఉన్నప్పుడు, తాను కాపలాలో ఉన్నప్పుడు, ఆయన అనాతోతులో తన దాయాది హనమేలు పొలం పదిహేడు తులాల వెండికి కొన్నాడు. సాక్షుల్ని పెట్టాడు, వెండి తూచాడు, దస్తావేజు రెండు ప్రతులు రాయించాడు, ఒకటి ముద్ర వేసినది, ఒకటి తెరిచి ఉన్నది. చాలాకాలం చెడకుండా ఉండేందుకు వాటిని మట్టికుండలో పెట్టమని బారూకుకు చెప్పాడు. ధనాన్ని నమ్ముకోవద్దన్న మనిషి పొలం కాగితం దగ్గర ఇంత జాగ్రత్తపడ్డాడు. నగరం పడిపోయాక ముప్పైతొమ్మిదో అధ్యాయంలో ఒకే ఒక్క వచనం ఉంది, ఏ గుడిలోనూ దాని మీద ప్రసంగం నేను వినలేదు. ఏమీ లేని బీదల్ని బబులోను సేనాని దేశంలోనే ఉంచి, వాళ్ళకు ద్రాక్షతోటలు, పొలాలు ఇచ్చాడు. శత్రువు చేతిమీదుగా భూ పంపకం!

మన కాగితం పేరు డీకేటీ పట్టా. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం దాన్ని కొన్నా, లీజుకు తీసుకున్నా చెల్లదు. భూమిని తిరిగి పట్టాదారుకు అప్పగించాలి. గుంటలు తవ్వినప్పుడు ఈ చట్టం ఉంది. 2023లో, ఇచ్చి 20 ఏళ్ళు నిండిన సాగు భూముల్ని పట్టాదారులు అమ్ముకోవచ్చని రాష్ట్రంలో సవరణ చేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. అమ్మే హక్కు మన వాడికి అవమానం తీసేసిందనే మాటా నిజమే. కానీ కూతురి పెళ్ళికో, ఆసుపత్రికో డబ్బు కావాల్సిన రోజున కొనేవాడెవడు? ఇన్నాళ్ళూ కాగితం లేకుండా గుడ్ల మీద కూర్చున్న పిట్టకు ఇప్పుడు కాగితం దొరుకుతుంది. దీని గురించి మన సంఘాలు ఊరూరా మాట్లాడవలసింది, గుళ్ళతో సహా.

పల్లె పేరు, మనుషుల పేర్లు నేను రాయలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులంవాడు కాడు. ఏ ఇంట్లో ఏ పటం ఉందో నేను రాస్తే ఎవరి సర్టిఫికెట్ మీదికి వస్తుందో తెలియదు.

ఆ ముసలామె ఇంటికి సాయంత్రం వెళ్ళాను. మాటల మధ్యన లేచి ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన బైబిలు తీసింది. దానిలో ప్లాస్టిక్ కవరు, కవరులో నాలుగు మడతల కాగితం. ఆమె చదువుకోలేదు. మొగుడు పోయినాక దాన్ని ఎవరి చేతా చదివించుకోలేదట. ఎకరా యాభై సెంట్లు అని, సర్వే నంబరు, హద్దులు చదివి చెప్పాను. తూర్పు హద్దు కాలువ. ఆ చేను ఇప్పుడు గుంట కట్ట లోపల ఉంది. ఆమె మళ్ళీ ఒకసారి చదవమన్నది, హద్దుల కాడి నుంచి.