కంటిలో మొలచు క్రొత్త రక్తనాళములు

రక్తము అందక కన్ను చెడుననిన ఎవరైనను నమ్ముదురు. మధుమేహము ముదిరినవారి కంటిలో రక్తనాళములు క్రొత్తగా పుట్టుటచేతనే చూపు పోవుననిన శ్రోతలకు వింతగా తోచవచ్చును.

కంటి వెనుక నున్న నేత్రపటలమునకు ఆమ్లజని మిక్కిలిగా కావలెను. ఏండ్ల తరబడి రక్తములో చక్కెర మితిమీరినచో అందలి కేశనాళికలు కొన్ని పూడిపోవును; ఆ ప్రాంతపు కణములకు ఊపిరి సలుపదు. కణములలో ఒకానొక మాంసకృత్తు కలదు. ఆమ్లజని చాలినంత ఉన్నంతవరకు అది పుట్టినది పుట్టినట్లే నశించును. ఆమ్లజని తగ్గెనా, నశింపక నిలిచి, కణకేంద్రమును చేరి, రక్తనాళ వృద్ధికారకమును తయారుచేయించును. వైద్యులు దీనిని వి.ఇ.జి.ఎఫ్. అందురు.

అది సోకగానే చేరువ నాళముల లోపలి కణములు తమ పొరను కరగించుకొని, కబురు వచ్చిన దిక్కునకు ప్రాకి, గొట్టములుగా కూడుకొనును. గర్భస్థశిశువు పెరుగుటకు, గాయము మానుటకు ఇదియే మార్గము. అక్కడ పని తీరగానే ఆగును. ఇక్కడ కొరత తీరదు కనుక ఆగదు. తొందరలో పుట్టిన ఈ నాళములు బలహీనములు. కంటి నడుమనున్న స్వచ్ఛమైన జిగురు పదార్థములోనికి ఎగబ్రాకి, చిట్లి, నెత్తురు చిమ్మును. వాని వెంట పెరిగిన నారపొర ముడుచుకొని నేత్రపటలమునే ఊడలాగును. వృద్ధి అను మాట వినుటకెంత శుభముగా నున్నదో!

నేత్రపటలమునుండి ఇట్టి పదార్థమేదో వెలువడుచుండవలెనని 1948లోనే మైకేల్సన్ అను నేత్రవైద్యుడు ఊహించెను. క్యాన్సరు కంతులును ఇట్లే నాళములను రప్పించుకొని పెరుగునని 1971లో అమెరికాలో జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించెను. 1983లో డ్వోరాక్ బృందము నాళములను ఊటలూరించు పదార్థమొకటి కనుగొనగా, 1989లో ఫెరారా వేరుచేసిన వృద్ధికారకము అదియేనని తేలినది.

ఇప్పుడు ఆ వృద్ధికారకమును బంధించు మందును కంటిలోనికే సూదితో ఎక్కించుచున్నారు. మందు అరిగిపోవును గనుక మరల మరల వేయించుకొనక తప్పదు. అంతకు పూర్వపుదైన లేజరు చికిత్స నేటికిని కలదు. అందు నేత్రపటలపు అంచులను కాల్చుదురు. వినుటకు క్రూరము, కాని ఆమ్లజని కోరు కణములు తగ్గగా వృద్ధికారకమును తగ్గును. ప్రక్కచూపు కొంత పోయినను నడిమి చూపు నిలుచును.

కంటి ముందు నల్లని సాలెపోగులు తేలియాడువరకు రోగికి నొప్పియు తెలియదు, లోపమును తెలియదు. అందుచే మధుమేహరోగులు చూపు బాగున్నప్పుడే, ఏటేట, కంటిపాప విప్పారు చుక్కలు వేయించుకొని నేత్రపటలమును పరీక్ష చేయించుకొనవలెను. చుక్కల ప్రభావము కొన్ని గంటలుండును. ఎండ మిరుమిట్లు గొలుపును గనుక ఇంటికి వచ్చునప్పుడు తోడుగా నొకరుండుట మంచిది.